40 వేలల్లో ఫస్ట్ కెమెరా, సెకండ్‌హ్యాండ్ ఎం50 తీస్కోవచ్చా?

అన్నలూ అక్కలూ కొంచెం హెల్ప్ చేయండి. డిగ్రీ సెకండియర్, రెండు షార్ట్ ఫిల్మ్స్ ఫోన్‌లోనే తీశాం, పగలు ఓకే గానీ రాత్రి మేడ మీద ట్యూబ్‌లైట్ కింద తీసిన సీన్‌లో హీరో మొహమంతా మచ్చలు మచ్చలు, పైగా గీతలు. క్యాటరింగ్‌కి వెళ్లి దాచుకున్నవీ అమ్మ చీటీ డబ్బులూ కలిపి 40 వేలు, మైక్ కూడా ఇందులోనే రావాలి.

కోఠిలో ఒకాయన కానన్ ఎం50, 15-45 కిట్ లెన్స్‌తో 32 వేలు అంటున్నాడు. కానీ దాంట్లో 4కే పెడితే ఫ్రేమ్ బాగా క్రాప్ అవుతుంది, అంటే చుట్టూ అంచులు పోతాయి, డ్యూయల్ పిక్సెల్ ఫోకస్ (మనిషి కదిలినా వెంటనే పట్టుకునే ఆటోఫోకస్) కూడా పనిచేయదు, మా ఇంట్లో రూములేమో అగ్గిపెట్టెలు, గోడకి ఆనుకుని నిలబడినా ఇద్దరు పట్టరు. 1080లోనే (ఫుల్ హెచ్‌డీ) తీసుకుంటే సరిపోద్దా? లేక ఆర్నెల్లు ఆగి సోనీ జెడ్‌వీ-ఈ10కి వెళ్లాలా, దానికైతే హెడ్‌ఫోన్ జాక్ కూడా ఉంది, ఎం50కి లేదు.

ఫ్రెండ్స్ షటర్ కౌంట్ (ఇప్పటిదాకా షటర్ ఎన్నిసార్లు కొట్టుకుందో ఆ లెక్క) అడగమంటున్నారు, వీడియోకి షటర్ కొట్టుకోదు కదా, అది చూసి ఏం లాభం? నాకైతే మైక్ జాక్ మీదే డౌటు. పిన్ను కదిపితే గరగరమంది, ఆయనేమో నీ మైకే పోయిందంటాడు. ఆదివారం లోపు చెప్పమన్నాడు, ఇంకేం చెక్ చేయాలి?