అప్‌డేట్: ఆ పాత చెక్క ఫ్రేము బొంతలు కుట్టేదే

నల్గొండలో పాత సామాన్ల షాపులో కొన్న చెక్క ఫ్రేము మగ్గం ముక్కా, బొంతలు కుట్టేదా అని అడిగాను కదా. బొంతలదే! పోచంపల్లి నేతవాళ్లు నూలు చుట్టుకునే ఆసు అన్నారు కొందరు. ఆసుకైతే అర్ధచంద్రాకారంలో మేకులుంటాయి. దీనికి రెండు పొడవాటి రోలర్లు, వాటి వెంట చిన్న మేకులతో కొట్టిన ముతక గుడ్డ పట్టీ, చివర పళ్ల చక్రం, అది వెనక్కి తిరగకుండా ఆపే కొక్కెం. ఆ పట్టీ చూశాకే డౌట్ తీరింది, బొంత అంచును కుట్టి ఆపేది దానికే.

చీరలు చిరగకుండా పేళ్లన్నీ ఎమరీ పేపరుతో రుద్దాను. మొదట డప్పులా బిగిస్తే సూది ఆడలేదు, వేళ్లు ఒకటే నొప్పి. చక్రాన్ని ఒక పన్ను వదులు చేసి, బట్ట కాస్త కుంగేలా పెట్టాక నాలుగు కుట్లు ఒకేసారి పడుతున్నాయి. పాత నూలు చీరలు మూడు పొరలేశాం. ఇన్నేళ్లు నేల మీద వంగి కుట్టిన అమ్మ ఇప్పుడు కుర్చీలో కూర్చుని కుడుతోంది. సగం అయింది.