పిల్లల వస్తువులు టీచర్లు తీసేసుకోవచ్చా?

ప్రశ్న (ఎనిమిదో తరగతి పిల్ల తల్లి):
క్లాసులో బొమ్మలు గీస్తోందని మా అమ్మాయి డ్రాయింగ్ బుక్ టీచర్ తీసేసుకున్నారు. తప్పు మా పిల్లదే, పాఠం జరుగుతుంటే బొమ్మలేంటని నేనూ కేకలేశాను. కానీ పది రోజులైంది, అడిగితే ఏడాది చివర్లో ఇస్తామంటున్నారు. రెండేళ్లుగా గీసినవన్నీ అందులోనే ఉన్నాయి. రోజూ పడుకునే ముందు "అమ్మా, పారేస్తారా?" అని అడుగుతోంది. అసలు వాళ్లకా హక్కు ఉందా? ఉంటే ఎన్నాళ్లు ఉంచుకోవచ్చు?

జవాబు 1 (టీచర్):
ఆ అధికారం లేకపోతే క్లాసు నడవదండీ. ఒక్క ఫోన్ మోగితే అందరి తలలూ అటే తిరుగుతాయి, మళ్లీ పాఠంలోకి తేవడానికి తల ప్రాణం తోకకొస్తుంది. కానీ తీసుకున్నది సాయంత్రం బెల్లు కొట్టగానే ఇచ్చేయాలి. నేనైతే కవర్లో పెట్టి, పేరూ టైమూ రాసి, పిల్లల చేతే అంటింపిస్తాను. మొదట్లో సొరుగులో పడేసేదాన్ని, అలా ఒకబ్బాయి వాచీ అద్దం పగిలింది. వాళ్ల తాతగారిదట. నన్ను ఒక్క మాట అనలేదు, పగులు మీద వేలు పెట్టి తడుముతూ నిలబడ్డాడు.

జవాబు 2:
రూల్ దేశాన్ని బట్టి మారుతుంది. ఇంగ్లండులో 2006 చట్టం ప్రకారం శిక్షగా సబబైన పద్ధతిలో తీసుకుంటే, ఆ వస్తువు పోయినా పాడైనా టీచర్ మీద బాధ్యత ఉండదు. ఫ్రాన్స్ 2018లో స్కూళ్లలో ఫోన్ల వాడకం నిషేధించినప్పుడు, ఫోన్ ఎలా తీసుకోవాలో, ఎలా తిరిగివ్వాలో స్కూలు తన నిబంధనల్లోనే రాసిపెట్టుకోవాలంది. నాకు ఇదే నచ్చింది. మీ స్కూల్లో అలా రాసినది ఉందేమో చూపించమనండి. ఏడాది చివరిదాకా అన్నది ఎక్కడా రాసి లేకపోతే అది ఆ టీచర్ సొంత మాటే.

జవాబు 3:
టీచర్‌గారితో ఒక్క విషయంలో ఒప్పుకోను. ఫోన్ వేరు, బొమ్మల పుస్తకం వేరు. పుస్తకం మూయించి బ్యాగులో పెట్టిస్తే సరిపోయేది కదా! ఇంకోటి, తీసుకోవడం వరకు సరే, తెరిచి చూడటం మాత్రం కుదరదు. నా డైరీ తీసుకుని స్టాఫ్‌రూమ్‌లో చదివారు, ఆ తర్వాత నేను డైరీ రాయడమే మానేశాను.

ప్రశ్న అడిగినావిడ:
రేపే వెళ్లి రూల్ చూపించమని అడుగుతాను. పిల్లని కూడా తీసుకెళ్తా, సారీ తను చెప్తుంది, పుస్తకం మాత్రం తీసుకునే వస్తాం.