శనగపచ్చ పురుగు పేగులో ట్రిప్సిన్ (ప్రోటీన్లను అరిగించే ఎంజైమ్) చర్య కనిపించట్లేదు, ఎందుకు?

ప్రశ్న:
ఐదో దశ లార్వాల మధ్య పేగు తీసి, లోపల శుభ్రంగా కడిగి, ప్రోటియేజ్ ఇన్హిబిటర్ (ప్రోటీన్లను కోసే ఎంజైమ్‌లను ఆపే) మాత్ర కలిపి నూరుతున్నాను. ఫాస్ఫేట్ బఫర్ పీహెచ్ 7.6, సబ్‌స్ట్రేట్ బాప్నా (ట్రిప్సిన్ కోస్తే పసుపు రంగునిచ్చే పదార్థం). పది నిమిషాలైనా పసుపు రంగు సరిగా రావట్లేదు. ఎంజైమ్ పాడైపోతోందా అండీ?

జవాబు 1:
ముందు ఆ మాత్ర మానేయండి. అందులో ఉండేవి ఎక్కువగా సెరీన్ ప్రోటియేజ్‌లను (సెరీన్ అనే అమినో ఆమ్లం సాయంతో ప్రోటీన్లను కోసే ఎంజైమ్‌లను) ఆపే మందులే, ట్రిప్సిన్ ఆ కోవలోదే. పీఎంఎస్‌ఎఫ్ లాంటి మందైతే ఒకసారి అతుక్కున్నాక వదలదు.

ఇక పీహెచ్. మీరు వాడుతున్నది పశువుల ట్రిప్సిన్‌కు దగ్గర పద్ధతి. ఈ పురుగుల మధ్య పేగు బాగా క్షారంగా ఉంటుంది. గోడలోని గాబ్లెట్ కణాలు పొటాషియంను లోపలికి తోడుతూ దాన్ని అలా నిలబెడతాయి. వీటి ట్రిప్సిన్ పీహెచ్ 10 దగ్గర చురుగ్గా ఉంటుంది. 0.1 మోలార్ గ్లైసిన్-సోడియం హైడ్రాక్సైడ్ వాడండి. ట్రిస్ వద్దు, 9 దాటితే దానికి పీహెచ్‌ను నిలబెట్టే పట్టు ఉండదు.

బాప్నా 43.5 మి.గ్రా.ను 1 మి.లీ. డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో పూర్తిగా కరిగించాకే బఫర్‌తో 100 మి.లీ. చేయండి. 1 మిల్లీమోలార్ వస్తుంది. బఫర్ చల్లగా ఉంటే తెల్లగా విరిగిపోతుంది, ఆ మసకే రీడింగ్‌లా కనిపించి మోసం చేస్తుంది.

జవాబు 2:
పేగు లోపల కడగడమే అసలు నష్టం అనుకుంటున్నాను. ట్రిప్సిన్ గోడలో కంటే లోపలి రసంలోనే ఎక్కువ, కడిగితే అదంతా పోయినట్టే. లార్వాను మంచు మీద మొద్దుబారనిచ్చి, రెండు కొసలూ కోసి, కొవ్వు, మాల్పీఘియన్ నాళికలు (పురుగు విసర్జన గొట్టాలు) తీసేసి, మేతతో సహా చల్లటి 0.15 మోలార్ ఉప్పు నీటిలో నూరండి. 4 డిగ్రీల దగ్గర సెంట్రిఫ్యూజ్‌లో 10,000 జీ (భూమ్యాకర్షణకు పదివేల రెట్లు), 15 నిమిషాలు తిప్పి, పైన తేలే కొవ్వు తగలకుండా మధ్య ద్రవం తీయండి. చిన్న చిన్న గొట్టాల్లో పంచి గడ్డకట్టించండి. పదేపదే కరిగిస్తే ట్రిప్సిన్ తనను తానే తినేస్తుంది.

బాగా మేస్తున్న లార్వాలనే ఎంచండి. కుబుసం విడిచే ముందు మేత మానేసిన వాటిలో ఎంజైమ్ పడిపోతుంది.

జవాబు 3:
ఆకు మేసినవైతే రసం ఆకుపచ్చగానో గోధుమగానో ఉండి, 410 నానోమీటర్ల దగ్గర తనే కాంతిని పీలుస్తుంది. ప్రతి నమూనాకూ విడిగా బ్లాంక్ (చర్య జరగనివ్వని పోలిక నమూనా) పెట్టండి: ముందు 30 శాతం ఎసిటిక్ ఆమ్లం, ఆ తర్వాతే ఎంజైమ్. 1 సెం.మీ. క్యూవెట్‌లో, 1 మి.లీ. మిశ్రమంలో నిమిషానికి రీడింగ్ 0.088 పెరిగితే 10 నానోమోల్ పసుపు పదార్థం విడుదలైనట్టు. సమయంతో పాటు రీడింగ్ గీత వంగకుండా తిన్నగా పెరుగుతున్నంతవరకే లెక్కలోకి తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
కైమోట్రిప్సిన్‌కూ (పేగులోని మరో ప్రోటియేజ్) బాప్నానే సరిపోతుందా?

జవాబు 1:
సరిపోదండీ. బాప్నాలో ఉండేది ఆర్జినైన్, కైమోట్రిప్సిన్‌కు ఫినైల్ అలనైన్ ఉన్న సబ్‌స్ట్రేట్ కావాలి. బఫర్ మాత్రం ఇదే వాడొచ్చు.