గ్లాస్ మొజాయిక్ వేయించినవాళ్లు ఉన్నారా? కిచెన్, పూజ గది, హాల్ గోడ

మియాపూర్_కొత్తఫ్లాట్:
అందరికీ నమస్కారం. ఫ్లాట్ తాళాలు చేతికొచ్చాయి, ఇంటీరియర్స్ మొదలుపెట్టాం. డిజైనర్ మూడు చోట్ల గ్లాస్ మొజాయిక్ (చిన్న గాజు ముక్కలు పేర్చి అంటించడం) అంటున్నారు. స్టవ్ వెనక ముక్కలు ముందే అతికించి వచ్చే, నీలం నుంచి తెలుపులోకి మారే షీట్లు, పూజ గదిలో బంగారు రంగు అద్దం ముక్కలు, హాల్లో చేత్తో పేర్చిన నెమలి. తుడవడం కష్టమా? షీట్లకీ చేతిపనికీ ధరలో ఎంత తేడా ఉంటుంది? దీపాల మసి పడితే పోతుందా? కొన్నేళ్లు పోయాక నెమలి పాతకాలంగా కనిపిస్తుందా? మా ఆవిడకి నెమలి కావాలి, నాకు ఈఎంఐ కనిపిస్తోంది.

బెజవాడ_వంటిల్లు:
డిజైనర్లు రంగు చూపిస్తారు, ముక్కల మధ్య గీతల్లో ఏం నింపుతారో చెప్పరు. ముందు అది అడగండి. మాకు తెల్ల సిమెంటు కూరి వెళ్లిపోయారు. ఉగాదికి గృహప్రవేశం, శ్రావణమాసం వచ్చేసరికి స్టవ్ వెనక గీతలన్నీ పసుపు పచ్చ. గాజు మీద చిందిన పులుసు గుడ్డ పెడితే పోతుంది, గీతలోకి ఇంకింది పోదు. వంట సోడా, నిమ్మచెక్క, పళ్ల బ్రష్ అన్నీ అయ్యాయి. పసుపు మరక ఎండ తగిలితే వెలిసిపోతుందని ఒకరు చెప్పారు. నిజమే, చీర మీద పోతుంది. గోడని తీసుకెళ్లి డాబా మీద ఆరేయలేం కదా.

గాజువాక_ఎపాక్సీ:
ఎన్నిసార్లు చెప్పాలండీ ఈ గ్రూపులో! కిచెన్‌కి ఎపాక్సీ గ్రౌట్ (గీతల్లో నింపే సరుకు) తప్ప ఇంకోటి వద్దు. లెక్క వేసుకోండి. 20 మిల్లీమీటర్ల ముక్క, మధ్యలో 2 మిల్లీమీటర్ల గీత అయితే గోడలో దాదాపు 17 శాతం గీతలే. అదే రెండడుగుల టైల్‌కి ఒక శాతం కూడా రాదు. అంత గ్రౌట్ ఉన్న గోడకి నూనె, పసుపు పీల్చే సరుకు నింపి తర్వాత ఏడిస్తే ఎలా? ఎపాక్సీ అంటే రెజిన్, హార్డెనర్ కలిసి గట్టిపడేది. మరక లోపలికి దిగదు.

నరసరావుపేట_తాపీ:
బాబూ, మీరు ఆ కంపెనీ డీలరా? ఎన్టీఆర్ గారు ముఖ్యమంత్రి కాకముందు నుంచి ఇళ్లు కట్టిస్తున్నాను. తెల్ల సిమెంటుది తప్పు కాదు, జావలా కలపడం తప్పు. నీళ్లు ఎక్కువ పోస్తే ఆరాక కుంచించుకుపోతుంది, సన్న పగుళ్లు వస్తాయి, అందులోకి పులుసు దిగుతుంది. గట్టిగా కలిపి, నిండా పట్టించి, మర్నాడు తడి చూపిస్తే నిలుస్తుంది. మీ ఎపాక్సీ వేసిన ఇల్లు కూడా చూశాను. గాజు మొత్తం మసక, ఏదో జిడ్డు పొర పట్టినట్టు.

గాజువాక_ఎపాక్సీ:
డీలర్ని కాదు, స్టీల్ ప్లాంట్ ఉద్యోగిని. మసక పట్టిందంటే తుడవడం ఆలస్యమైందని అర్థం. గంట తిరక్కుండానే బిగుసుకోవడం మొదలవుతుంది, మే నెలలో ఇంకా ముందే. కొంచెం కొంచెంగా కలుపుకోవాలి, ఎప్పటికప్పుడు గోరువెచ్చని నీళ్లలో ముంచిన స్పాంజితో తుడుచుకుంటూ పోవాలి. మేస్త్రీ డబ్బా మొత్తం ఒకేసారి కలిపేసి టీకి వెళ్తే ఎపాక్సీ ఏం చేస్తుంది?

నరసరావుపేట_తాపీ:
నేనూ అదే అంటున్నా. మన మేస్త్రీలకి చేయి తిరగని పని వాళ్లతో ఎందుకు చేయించడం? పైగా కిటికీ ఎండ పడేచోట తెల్ల ఎపాక్సీ కూడా పసుపుకి తిరుగుతుంది. ఒకరి గోడ పులుసుతో పసుపు, ఇంకొకరి గోడ ఎండతో పసుపు.

బెజవాడ_వంటిల్లు:
మీ ఇంట్లో స్టవ్ వెనక గోడ ఎవరు తుడుస్తారండీ? ముందు అది చెప్పండి.

నరసరావుపేట_తాపీ:
అమ్మా, మాట జారకండి. మా ఇంట్లో పోపు పెట్టేది నేనే. కావాలంటే వచ్చి గోడ చూడండి, గుత్తి వంకాయ తిని వెళ్లండి.

బెజవాడ_వంటిల్లు:
వంకాయకి వస్తాను. గోడ సంగతి మాత్రం నమ్మను.

మియాపూర్_కొత్తఫ్లాట్:
పూజ గది గురించి కూడా ఎవరైనా చెప్తారా ప్లీజ్?

ఈశాన్యం_ముఖ్యం:
పగిలిన అద్దం ఇంట్లో ఉంచకూడదని పెద్దలు ఊరికే అనలేదు. అలాంటిది పనిగట్టుకుని ముక్కలు చేసి దేవుడి గదిలోనే అంటిస్తారా? డిజైనర్లకి కమీషన్ వస్తుంది, దోషం మీకు వస్తుంది.

సికింద్రాబాద్_యాత్రలు:
ఇండోర్‌లో కాంచ్ మందిర్ చూడండి సార్. జైనుల గుడి, గోడలు, స్తంభాలు, పైకప్పు అన్నీ అద్దం, గాజు ముక్కలే. తీర్థంకరులకి లేని దోషం మియాపూర్‌లో ఎక్కడి నుంచి వచ్చింది? నెమలి గురించి అడిగారు కదా, ఉదయ్‌పూర్ సిటీ ప్యాలెస్ మోర్ చౌక్‌లో ఉన్నవి 19వ శతాబ్దంలో పెట్టిన గాజు మొజాయిక్ నెమళ్లు. ఇప్పటికీ జనం వాటి ముందే నిలబడి ఫొటోలు దిగుతున్నారు.

పాతబస్తీ_పిల్లగాడు:
రాజస్థాన్ దాకా ఎందుకు బ్రో? పత్తర్‌గట్టి దగ్గర బాద్షాహీ అషూర్ఖానా (మొహర్రం సంతాప మందిరం) ఉంది, కుతుబ్ షాహీల కాలం నాటి మొజాయిక్. 1908 మూసీ వరదకి కింది భాగం పాడైంది కానీ పైన ఆ నీలం, ఆ ఆవపువ్వు పసుపు చూస్తే మతి పోతుంది. మన డిజైనర్లు అది వదిలేసి ఇటలీ క్యాటలాగ్ పట్టుకొస్తారు.

సికింద్రాబాద్_యాత్రలు:
అది గాజు కాదు. గ్లేజు పూసి కాల్చిన మట్టి పలకలు, వాటిని కోసి పేర్చారు.

పాతబస్తీ_పిల్లగాడు:
గ్లేజంటే గాజు పూతే కదా.

సికింద్రాబాద్_యాత్రలు:
అలా అయితే మా ఇంట్లో ఆవకాయ జాడీ కూడా గాజే.

పాతబస్తీ_పిల్లగాడు:
హైదరాబాద్‌లో ఉంటూ హైదరాబాద్‌ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో వాదించి లాభం లేదు.

అడ్మిన్:
ఊళ్ల గొడవ వద్దు. విషయం మీద మాట్లాడండి.

జగిత్యాల_టు_దుబాయ్:
దుబాయ్, దోహాలో హోటళ్ల స్విమ్మింగ్ పూల్స్‌కి మొజాయిక్ వేసిన చేయి ఇది. ఇక్కడ అందరూ గీతల దగ్గరే కొట్టుకుంటున్నారు, గాజు వెనక ఏం పూస్తారో ఒక్కరూ అడగలేదు. లేత రంగు గాజులోంచి వెనకది కనిపిస్తుంది. మామూలు టైల్స్‌కి వాడే బూడిద రంగు గమ్ పెడితే మీ లేత నీలం మురికి నీలం అవుతుంది. తెల్ల గమ్మే కావాలి. పళ్ల తాపీతో గీశాక ఆ గీతల్ని మళ్లీ చదును చేయాలి, లేకపోతే గాజులోంచి పళ్ల గుర్తులు కనిపిస్తాయి. లైటు పైనుంచి గోడ మీదకి కొట్టేలా పెడితే ఇంకా ఘోరం, ఎత్తుపల్లాలన్నీ బయటపడతాయి. డిజైనర్లకేమో ఆ లైటే ఇష్టం.

షీట్లు రెండు రకాలు. ఒకదానికి వెనక వల ఉంటుంది, ఇంకోదానికి ముందు కాగితం. కాగితం బయటికి రావాలి, గమ్ పట్టాక తడిపి లాగేయాలి. మన దగ్గర ఒక మేస్త్రీ కాగితాన్ని గమ్‌లోకి పెట్టి ‘గాజు బాగా మెరుస్తోంది అన్నా’ అన్నాడు. మెరుస్తుంది, ఊడి కిందపడేదాకా.

సరుకు కొనేటప్పుడు ముక్క వెనక్కి తిప్పి గోరుతో గీకండి. రంగు లేస్తే అది గాజు రంగు కాదు, వెనక వేసిన పెయింట్. అలాంటిది తడికి రంగు గోడ మీదే ఉండిపోయి గాజు చేతికొస్తుంది. నిజం బంగారం ముక్క వేరే, రెండు గాజు పొరల మధ్య బంగారు రేకు పెట్టి కాలుస్తారు. వెనిస్‌లో ఒర్సోనీ వాళ్లు 1888 నుంచి అదే పని. ఆ ధర మీ ఈఎంఐకి వినిపించకండి.

గాజువాక_ఎపాక్సీ:
అన్నా, మరి పూల్స్‌లో ఏ గ్రౌట్ వాడారు?

జగిత్యాల_టు_దుబాయ్:
కొన్నిటికి ఎపాక్సీ.

గాజువాక_ఎపాక్సీ:
నరసరావుపేట వారూ, వింటున్నారా?

నరసరావుపేట_తాపీ:
‘కొన్నిటికి’ అన్నారు. నాకూ చదువు వచ్చు.

కరీంనగర్_కొలతలు:
ఒక మాట. షాపువాడు ‘షీటంటే ఒక అడుగు’ అంటాడు. షీట్ 300 మిల్లీమీటర్లు, అడుగు దాదాపు 305. వంద చదరపు అడుగులకి వంద షీట్లు తెస్తే మూడు పైగా తక్కువ పడతాయి, కోతలో పోయేది వేరే. పెట్టెల మీద షేడ్ నంబర్ ఒకటేనా చూసి, అన్నీ ఒకేసారి కొనండి. మాకు తర్వాత దొరికింది వేరే నీలం. ఇప్పుడది ఫ్రిజ్ వెనక ఉంది, ఫ్రిజ్ జరపడానికి ఎవరికీ పర్మిషన్ లేదు.

ఫ్రిస్కో_వీకెండ్:
టెక్సాస్ నుంచి. పాతబడుతుందా అన్న ప్రశ్నకి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఇక్కడ 2010 ప్రాంతంలో కట్టిన చాలా ఇళ్లలో స్టవ్ వెనక గాజు, రాయి కలిపిన సన్న పట్టీల మొజాయిక్ ఉంటుంది. అప్పట్లో అదే గొప్ప. ఇప్పుడు ఇల్లు కొన్నవాళ్లు మొదట పీకించేది దాన్నే. మేమూ పీకించాం. మొజాయిక్‌తో పాటు వెనక జిప్సం బోర్డు కూడా ఊడొచ్చింది. నెమలి పర్లేదేమో, ట్రెండ్ షీట్లే ముందు పాతబడతాయి.

ఈశాన్యం_ముఖ్యం:
అమెరికాలో కూడా ఊడిపోయిందంటే ఆలోచించండి.

హన్మకొండ_గీత:
పూజ గదికి అద్దం ముక్కలైతే నా అనుభవం వినండి. మాకు వేసినవాళ్లు ఘాటైన వెనిగర్ వాసన వచ్చే సిలికాన్‌తో అంటించారు. ఆ వాసన వచ్చే రకం అద్దం వెనక ఉన్న వెండి పూతని తినేస్తుంది. అంచుల నుంచి నల్ల మచ్చలు మొదలయ్యాయి. కార్తీక మాసంలో మసి అనుకుని తోమాను, మసి అయితే పోయేది. షాపులో అడిగితే ‘దీపాల వేడికి మేడం’ అన్నారు. దీపానికి ఎదురుగా ఉన్నవి బాగానే ఉన్నాయి, మూలల్లోవి నల్లబడ్డాయి! ఆ వాసన రాని రకం, న్యూట్రల్ సిలికాన్ అని అడిగి తీసుకోండి. రంగు గాజైతే ఈ బాధ లేదు, వెనక వెండి ఉండదు కాబట్టి. మసి మామూలు సబ్బు నీళ్లకే పోతుంది. కర్పూరం పళ్లెం మాత్రం గోడకి ఆనించకండి.

మియాపూర్_కొత్తఫ్లాట్:
గీత గారూ, చాలా థాంక్స్. డిజైనర్‌ని సిలికాన్ గురించి అడిగితే ‘అవన్నీ మేం చూసుకుంటాం’ అన్నారు. పూజ గదికి రంగు గాజే అని చెప్పేశాను. జగిత్యాల అన్నా, నెమలికి అడుగుకి ఎంత అవుతుందో ఒక అంచనా?

జగిత్యాల_టు_దుబాయ్:
ముక్క సైజు తెలియకుండా ధర చెప్పేవాడు మోసగాడు. వేలెడు ముక్కలతో నెమలి చేస్తే ఒక ధర, బియ్యపు గింజంత ముక్కలతో ఈక ఈకా చేస్తే ఇంకో ధర. మెడ వరకు సన్న ముక్కలు, తోకకి పెద్దవి పెట్టించుకోండి. దూరం నుంచి చూసేవాళ్లకి తేడా తెలియదు. నంబర్ పంపిస్తాను.

అడ్మిన్:
ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టకండి.

తెనాలి_పాతిల్లు:
మీరంతా గోడల గురించి మాట్లాడుతున్నారు. మా తాతగారి ఇంట్లో నేలంతా పాత చిప్స్ మొజాయిక్ (సిమెంటులో రాతి ముక్కలు కలిపి పాలిష్ పట్టింది), మధ్యలో గాజు పట్టీలు. డిజైనర్ వచ్చి తీసేయమన్నారు. అదే డిజైనర్ ఫోన్‌లో టెర్రాజో టైల్స్, అంటే అదే చిప్స్ మొజాయిక్ ఇంకో పేరుతో, చూపించి అడుగు ఇంత అంటున్నారు! గుంటూరు వైపు పాలిష్ పట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నరసరావుపేట_తాపీ:
తీయకండి తెనాలి వారూ, అలాంటి నేల ఇప్పుడు వేసేవాళ్లు లేరు. మిషన్ పెట్టేముందు గాజు పట్టీలు చేత్తో తడిమి చూడండి. పక్కన నేల కుంగి పట్టీ పైకి తేలి ఉంటే మిషన్ రాయి తగిలి చిట్లుతుంది, అక్కడ చేత్తో రుద్దించండి. చివర్లో ఆక్జాలిక్ యాసిడ్ పొడి వేసి మెరుపు తెప్పిస్తారు. యాసిడ్ అన్నానని బాత్రూం యాసిడ్ సీసా తెచ్చి పోయకండి, సిమెంటుని తినేసి చిప్స్ లేచిపోతాయి. గోడ మొజాయిక్‌కి కూడా అంతే, పనిమనిషికి ముందే చెప్పి పెట్టుకోండి.

గాజువాక_ఎపాక్సీ:
చిట్లిన పట్టీ పక్కన ఎపాక్సీ నింపొచ్చు.

నరసరావుపేట_తాపీ:
వచ్చాడండీ మళ్లీ.