ఐదేళ్లు దాటిన హార్నెస్: చూడ్డానికి బాగున్నా తీసెయ్యాల్సిందేనా?

స్టోర్‌రూమ్:
స్టోర్‌లో ఉన్న ఫుల్ బాడీ హార్నెస్‌లలో (ఎత్తులో పనిచేసేవాళ్లు కింద పడకుండా ఒంటికి కట్టుకునే పట్టీల సెట్టు) కొన్నిటికి లేబుల్ మీది తయారీ తేదీ ఐదేళ్లు దాటింది. పట్టీలు మెత్తగానే ఉన్నాయి, కుట్లు ఊడలేదు. మ్యాన్యువల్‌లో ఇన్నేళ్లని లేదు, తనిఖీలో పాసైనంత కాలం వాడొచ్చని మాత్రమే ఉంది. సైట్‌లో మాత్రం ఐదేళ్లు నిండితే లోపలికి రానివ్వడం లేదు. ఏది సరైన పద్ధతి?

టవర్‌మెన్:
తీసెయ్యాలనే నా మాట. నైలాన్, పాలిస్టర్ రెండూ ఎండకు బలం కోల్పోతాయి. రంగు వెలిస్తే ఎండ తగిలిందని తెలుస్తుంది గానీ ఎంత బలం పోయిందో తెలియదు. నల్ల పట్టీ మీదైతే ఆ మాత్రం గుర్తు పట్టడమూ కష్టమే. రసాయనాల సంగతీ అంతే. నైలాన్‌కు ఆమ్లం పడదు, పాలిస్టర్‌కు గాఢమైన క్షారం పడదు. తడి సిమెంట్ క్షారమే కదా. పట్టీ బలం ఎంతుందో కొలవాలంటే దాన్ని తెగేదాకా లాగాలి, ఆ తర్వాత వాడటానికి ఏమీ మిగలదు. కంటికి ఆనని నష్టానికి తేదీ తప్ప వేరే హద్దు లేదు.

తనిఖీదారు:
అన్నా, కనబడని నష్టం ఉంటుందన్నది ఒప్పుకుంటాను. కానీ అది క్యాలెండర్ చూసుకుని రాదు. రోజూ ఎండలో, ఇసుకలో, సిమెంట్‌లో నలిగే హార్నెస్ ఏడాదికే పనికిరాకుండా పోవచ్చు. చీకటి గదిలో సంచిలో ఉన్నది ఐదేళ్లకీ గట్టిగానే ఉండొచ్చు. ఐదేళ్ల నియమం మొదటిదాన్ని ఇంకో నాలుగేళ్లు వాడనిస్తుంది. నా భయమంతా అక్కడే. అమెరికాలో పనిచోట భద్రత చూసే సంస్థ ఓషా నిబంధన 1926.502 ప్రతిసారీ వాడేముందు చూసుకోమంటుంది, ఇన్నేళ్లకు పారేయమని చెప్పదు. యూరప్ ప్రమాణం ఈఎన్ 365 కనీసం 12 నెలలకోసారి అర్హత ఉన్నవారితో తనిఖీ చేయించమంటుంది.

తనిఖీ అంటే దూరం నుంచి చూసి సంతకం పెట్టడం కాదు. పట్టీని రెండు చేతులతో 15–20 సెంటీమీటర్ల ఎడంలో పట్టుకుని, తిరగేసిన ‘యు’ ఆకారంలో వంచాలి. వంచినప్పుడే తెగిన పోగులు పైకి లేస్తాయి. ఆ కొస నుంచి ఈ కొస దాకా, రెండు వైపులా, అలాగే జరుపుకుంటూ పోవాలి. గట్టిపడిన చోటు, నిగనిగలాడే చోటు, పొడి రాలే చోటు కనిపిస్తే పక్కన పెట్టండి. కుట్ల దారం పట్టీకి వేరే రంగులో ఉంటుంది, ఒక్క పోగు తెగినా కనబడాలనే. వీపు మీద తాడు తగిలించే లోహపు కడియం, అంటే డి-రింగ్ వెనక ప్లాస్టిక్ ప్యాడ్‌ను జరిపి దాని కింద పట్టీ చూడండి. చాలామంది వదిలేసేది అదే, ఇసుక చేరి కోసేదీ అక్కడే. రింగు వంగిందా, పగులు ఉందా, తుప్పు గుంటలు పడ్డాయా చూడాలి. బకుల్ పెట్టి లాగి వదిలితే జారకూడదు.

టవర్‌మెన్:
ఇంత ఓపిగ్గా చూసేవాళ్లుంటే గొడవే లేదు తమ్ముడూ. పొద్దున్నే పని మొదలయ్యే హడావుడిలో ఎవరు ఇలా వంచి చూస్తారు? మనిషి మీద ఆధారపడని నియమం ఒకటైనా ఉండాలని నా పట్టుదల. పైగా కొందరు తయారీదారులు గడువు స్పష్టంగా రాస్తారు. అలా రాసినచోట తనిఖీలో పాసైనా సరే, గడువు దాటనివ్వకూడదు.

తనిఖీదారు:
అది కాదనను. తయారీదారు సంఖ్య ఇస్తే అదే చివరి మాట. సైట్ నియమం అంతకన్నా కఠినంగా ఉంటే ఆ సైట్‌లో దాన్నే పాటించాలి. తయారీదారు రాయని సంఖ్యను అన్ని హార్నెస్‌లకూ ఒకేలా అంటగట్టి, తనిఖీ మానేయడం దగ్గరే నా అభ్యంతరం.

వెల్డర్:
మా పనిలో ఈ ఏళ్ల లెక్కకు అర్థమే లేదు. నైలాన్, పాలిస్టర్ కరిగే గుడ్డలు. గ్రైండర్ రవ్వ పడినచోట చిన్న గట్టి చుక్క తేలుతుంది. వేలితో తడిమితే దొరుకుతుంది, కంటికి తప్పిపోతుంది. వెల్డింగ్‌కు అరామిడ్ (వేడికి కరగని పోగు) పట్టీ ఉన్న హార్నెస్ విడిగా తీసుకోవాలి. అయితే అరామిడ్‌కు కూడా ఎండ పడదు, ఆరుబయట వేలాడదీసి వదిలేయకండి.

రిగ్గర్:
ఇంకో తగువు మిగిలింది: పడిన మనిషిని ఆపిన హార్నెస్. ఓషా ప్రకారం దాన్ని వెంటనే తీసేయాలి, సమర్థుడు పరీక్షించి దెబ్బ తినలేదని తేలిస్తేనే మళ్లీ వాడొచ్చు. నేనైతే ఆ వెసులుబాటు వాడొద్దంటాను. కుట్టు లోపల సాగిన దారాన్ని ఎవరూ చూడలేరు. చాలా హార్నెస్‌లలో పట్టీని మడతపెట్టి కుట్టిన గుర్తు ఉంటుంది, జోరుగా లాగితే ఆ కుట్టు విడిపోతుంది. అది విడిందంటే వాదన అక్కర్లేదు. విడకపోయినంత మాత్రాన దెబ్బ తగలలేదనుకోవద్దు. షాక్ అబ్జార్బర్ (పడినప్పుడు కుదుపును తగ్గించే భాగం) ఉన్న లాన్యార్డ్, అంటే హార్నెస్‌ను పైన కట్టే తాడు సంగతి మరీ స్పష్టం, ఒకసారి చిరిగి సాగాక దాని పని అయిపోయినట్టే.

స్టోర్‌రూమ్:
ఉతికే విషయంలో కూడా తలోమాట చెబుతున్నారు. అదీ, సంచి విప్పనివాటి సంగతీ చెప్పండి. గడువు తయారీ నుంచా, మొదటి వాడకం నుంచా?

తనిఖీదారు:
గోరువెచ్చని నీళ్లు, తేలికపాటి సబ్బు, మెత్తని బ్రష్ చాలు. బ్లీచ్, పెట్రోల్, థిన్నర్ తగలనివ్వకండి. బాగా జాడించి నీడలో గాలికి వేలాడదీయండి, హీటర్ దగ్గర కాదు. తడిగా సంచిలో పెడితే బూజు పడుతుంది. బ్యాటరీలు, యాసిడ్ డబ్బాలు ఉన్న అరలో అసలు పెట్టొద్దు. పట్టీ మీద మార్కర్‌తో పేర్లు రాయకండి, సిరాలోని ద్రావకం పోగుల్లోకి దిగుతుంది. రాయాలంటే లేబుల్ మీదే.

గడువు ఎక్కడి నుంచన్నది మ్యాన్యువల్‌ను బట్టి మారుతుంది. కొన్ని తయారీ తేదీ నుంచి లెక్కిస్తాయి, కొన్ని మొదటి వాడకం నుంచి. అందుకే సంచి విప్పిన రోజే లేబుల్ మీది గడిలో, రిజిస్టర్‌లో సీరియల్ నంబర్ ఎదురుగా తేదీ వేయండి. అది లేకపోతే తయారీ తేదీనే లెక్కలోకి తీసుకోవాలి. లేబుల్ చదవరాకుండా పోయిన హార్నెస్‌కు ఏ లెక్కా కుదరదు, తీసెయ్యడమే.

టవర్‌మెన్:
ఇందులో నాకూ తేడా లేదు. ఒక్కటి కలుపుతాను: తీసేసినవాటిని చెత్తబుట్టలో అలాగే పడేయకండి. భుజం పట్టీలు, కాళ్ల పట్టీలు ముక్కలుగా కోసి, లేబుల్ చింపి పడేయాలి. లేకపోతే ఎవరో ఏరుకుని తొడుక్కుంటారు.