సొంత మోటార్‌హోమ్ అద్దెకిస్తే ప్లాట్‌ఫామ్ ఇచ్చే ఇన్సూరెన్స్ ఒక్కటే చాలా?

చక్రాలఇల్లు
మా మోటార్‌హోమ్ ఏడాదిలో చాలా నెలలు కవర్ కప్పుకుని ఖాళీగానే ఉంటోంది. ప్రీమియం, సర్వీసింగ్, పార్కింగ్ అద్దె మాత్రం ఆగవు కదా. అందుకే యజమానుల బళ్లను అద్దెకు తిప్పే ఒక ప్లాట్‌ఫామ్‌లో పెడదామనుకుంటున్నాం. ప్రతి ట్రిప్‌కీ ఇన్సూరెన్స్ వాళ్లే ఇస్తారట. ఈ సంగతి మా సొంత పాలసీ కంపెనీకి చెప్పాలా వద్దా అన్న దగ్గర ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. చెబితే ప్రీమియం పెంచేస్తారని మా ఆయన. చెప్పకపోతే అసలుకే ఎసరని నేను. తెలిసినవాళ్లు చెప్పండి.

లాంగ్‌డ్రైవ్
ఏమీ చెప్పక్కర్లేదండి. నా బండి చాలాకాలంగా అద్దెకు తిరుగుతోంది. తాళం చేతులు మారిన దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా ప్లాట్‌ఫామ్ పాలసీ ఉంటుంది. ఒకాయన రివర్స్‌లో స్తంభానికి కొట్టి వెనక బంపర్ పగలగొట్టుకొచ్చాడు. కొంత డిపాజిట్‌లోంచి, మిగతాది క్లెయిమ్‌లో వచ్చేసింది. నా కంపెనీకి ఫోన్ కూడా చెయ్యలేదు. మనంతట మనమే వెళ్లి చెప్పడం కొరివితో తల గోక్కోవడమే.

పాలసీపేజీ
మోటార్ క్లెయిములు చూసే పనిలో ఉన్నాను, కాస్త పొడుగ్గా రాస్తాను. లాంగ్‌డ్రైవ్ గారూ, బంపర్ దగ్గర ఎవరూ గొడవపడరు. మనిషికి దెబ్బ తగిలినప్పుడో, బండి తగలబడినప్పుడో పాలసీలో ప్రతి లైనూ చదువుతారు.

సొంత వాడకం పాలసీల్లో మామూలుగా ఒక మినహాయింపు ఉంటుంది: డబ్బు తీసుకుని బండి ఇతరులకిస్తే ఆ వాడకానికి కవర్ లేదు. ట్రిప్‌లో ఉన్నంతసేపూ ప్లాట్‌ఫామ్ పాలసీ ఉందిగా అంటారు. ఒప్పుకుంటాను. మరి బండి మీ ఇంటి ముందు నిలబడి ఉన్నప్పుడో? అప్పుడు మీ సొంత పాలసీయే దిక్కు. గ్యాస్ లీకై అంటుకుందనుకోండి. బండి దేనికి వాడుతున్నారన్నది సర్వేయర్ తప్పకుండా అడుగుతాడు. మీ బండి ఫొటోలు, రోజు అద్దె, రివ్యూలు ఆన్‌లైన్‌లో ఎవరికైనా కనబడుతూనే ఉంటాయి. 'సొంత వాడకానికే' అని ఫారంలో టిక్ పెట్టి ఉంటే ఏం చెబుతారు? ముఖ్యమైన సంగతి దాచారని క్లెయిమ్ తిప్పికొట్టొచ్చు, పాలసీ రద్దు చెయ్యొచ్చు. ఆ రద్దు సంగతి తర్వాతి కంపెనీ కూడా అడుగుతుంది.

బండి లోన్ మీద ఉంటే ఆ కాగితాలూ ఒకసారి తీసి చూడండి. అద్దెకివ్వకూడదన్న షరతు చాలావాటిలో ఉంటుంది.

గేర్‌బాక్స్
ట్రిప్‌లో ఉన్నంతసేపూ పూర్తి కవర్ అన్న మాటతోనే నాకు పేచీ. మోటార్‌హోమ్ అంటే సగం బండి, సగం ఇల్లు. ప్లాట్‌ఫామ్ పాలసీలు ఎక్కువగా బండి గురించే ఆలోచిస్తాయి. ఇంటి సగం పాడైతే 'వాడకంలో అరుగుదల' అంటారు.

బండి పక్కకి నీడకోసం చాపే గుడ్డ పందిరి తెరిచి వదిలేసి పడుకుంటారు, రాత్రి గాలికి రాడ్ మెలిపడిపోతుంది. డీజిల్ ట్యాంకులో యాడ్‌బ్లూ (పొగను శుభ్రం చేసే ద్రవం, దాని ట్యాంకు వేరు) పోస్తారు. ఇంజెక్టర్ల దాకా వెళ్లిందంటే ఆ బిల్లు మామూలుగా ఉండదు. తప్పు ఇంధనం చాలా పాలసీల్లో మినహాయింపే. అన్నిటికంటే మోసం చేసేది పైకప్పు. కొమ్మ గీరుకుని స్కైలైట్ చుట్టూ సీలెంట్ చిన్నగా చీలితే ఆరోజు ఎవరికీ కనబడదు. తర్వాత ఎప్పుడో లోపలి గోడ చెమ్మగిల్లి, వేలితో నొక్కితే మెత్తగా దిగిపోతుంది. అప్పటికి ఎంతమంది తిరిగారో! ఎవరి మీద క్లెయిమ్ వేస్తారు? పైగా నెమ్మదిగా ఊరే నీటికి కవర్ ఉండనే ఉండదు. బండి ఇచ్చేటప్పుడు అందరూ నాలుగు పక్కలా ఫొటోలు తీస్తారు, నిచ్చెన వేసుకుని పైకప్పు తీసేవాడు మాత్రం నాకింతవరకు కనబడలేదు.

లాంగ్‌డ్రైవ్
ఇన్ని భయాలు పెట్టుకుంటే అద్దెకివ్వడమే మానేయాలి. కమర్షియల్ పాలసీ తీసుకుంటే వచ్చే అద్దెలో సగం ప్రీమియానికే పోతుంది. ప్లాట్‌ఫామ్ కమిషన్ కట్ చేసుకునేది ఈ తలనొప్పి మోయడానికే కదా?

నిదానమే
కమిషన్ తీసుకున్నంత మాత్రాన యజమాని వాళ్లయిపోరు అన్నా. ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్ల లాయర్ మొదట చూసేది బండి ఎవరి పేరు మీద ఉందన్నదే.

చట్టాలు కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. అమెరికాలో 2005 నాటి గ్రేవ్స్ సవరణ ఉంది. అద్దె వ్యాపారంలో ఉన్న యజమానిని, అద్దెకు తీసుకున్నవాడు చేసిన ప్రమాదానికి కేవలం యజమాని అన్న కారణంతో బాధ్యుణ్ని చెయ్యకూడదంటుంది. అయితే యజమాని నిర్లక్ష్యం బయటపడితే ఆ రక్షణ పోతుంది. ఖాళీ ఉన్నప్పుడు అద్దెకిచ్చే మనలాంటివాళ్లు 'వ్యాపారం' కిందకి వస్తామా అన్నది వేరే వాదన. ఇండియాలోనైతే డ్రైవర్ లేకుండా అద్దెకు తిరిగే బళ్లకు నల్ల నంబర్ పలక మీద పసుపు అక్షరాలుండాలి. తెల్ల పలక బండిని అద్దెకివ్వడమే తప్పు. బాధితుడికి ముందు కంపెనీని కట్టమని, తర్వాత ఆ డబ్బు యజమాని దగ్గర రాబట్టుకోమని కోర్టులు చెప్పిన సందర్భాలూ ఉన్నాయి.

నిర్లక్ష్యం అంటే తాగినవాడికి తాళం ఇవ్వడమే అనుకోకండి. మోటార్‌హోమ్ టైర్లు అరిగేలోపే ముసలివైపోతాయి. టైర్ పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. గాడులు కొత్తగానే కనిపిస్తాయి, పక్కన సన్నటి పగుళ్లుంటాయి. హైవే మీద అది పేలిందంటే తప్పు ఎవరిదంటారు?

లైసెన్స్ ఇంకో తలనొప్పి. యూరప్‌లో మామూలు కారు లైసెన్స్ (బి)తో 3,500 కిలోల బండి దాకా అని చాలామందికి తెలిసిన లెక్క. నీళ్ల ట్యాంకు నింపి, వెనక సైకిళ్లు కట్టి, కుటుంబం ఎక్కాక తూకం ఎక్కడికి పోతుందో అద్దెకు తీసుకున్నవాడు ఆలోచించడు.

చక్రాలఇల్లు
అమ్మో, టైర్ అంకెలు ఇప్పుడే చూసి వస్తాను. బండి తీసుకెళ్లినవాడు తిరిగి రాకపోతే? అది దొంగతనం కింద వస్తుందిగా?

పాలసీపేజీ
ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. తాళం మీరే చేతికిచ్చారు కాబట్టి మామూలు దొంగతనం కాదు, నమ్మక ద్రోహం అంటారు. చాలా పాలసీలు దీన్ని విడిగా మినహాయిస్తాయి, లేదా పరిమితి పెడతాయి. ప్లాట్‌ఫామ్ పాలసీలో ఈ మాట వెతికి చదవండి. కనబడకపోతే మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. ఫోన్‌లో 'అన్నీ కవర్ అవుతాయి మేడం' అన్న మాట క్లెయిమ్ రోజు పనికిరాదు.

ఇంకొకటి. ట్రిప్ చివర్లో ఫోన్ వస్తుంది: "అక్కా, ఇంకో రోజు ఉంచుకుంటాం, డబ్బు నేరుగా పంపేస్తాం". మొహమాటానికి సరేనంటాం. ఆ రోజు యాప్‌లో లేదు కాబట్టి ప్లాట్‌ఫామ్ కవర్ లేదు. అద్దెకిచ్చారు కాబట్టి మీ సొంత కవరూ లేదు. బుక్ చేసింది ఒకరు, స్టీరింగ్ మీద కూర్చుంది వాళ్ల బావమరిది అయినా ఇదే తంతు. పొడిగింపైనా, రెండో డ్రైవరైనా యాప్‌లోనే చేర్పించండి.

లాంగ్‌డ్రైవ్
బావమరిది సంగతి ఒప్పుకుంటాను, వాళ్లతోనే ఎప్పుడూ ఇబ్బంది. సొంత కంపెనీకి చెప్పాలన్నది మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. చెప్పగానే 'రెన్యువల్ చెయ్యం' అనేస్తే?

పాలసీపేజీ
'చెయ్యం' అని ఇప్పుడే అంటే వేరే కంపెనీ వెతుక్కోవడానికి టైమ్ ఉంటుంది. కొన్ని కంపెనీలు అదనపు ప్రీమియంతో అద్దె వాడకాన్ని చేరుస్తాయి, కొన్ని ప్లాట్‌ఫామ్ ద్వారా అయితే అభ్యంతరం లేదంటాయి, కొన్ని తలుపు మూసేస్తాయి.

చక్రాలఇల్లు
మెయిల్ పెట్టాను. అద్దెకు ఇస్తే పాలసీ కొనసాగించలేమని మా కంపెనీ ఒక్క ముక్కలో తేల్చేసింది. అద్దె వాడకానికి పాలసీ ఇచ్చే ఇంకో కంపెనీ కోట్ పంపింది. మా ఆయన ఇప్పుడు ఆ ప్రీమియం పక్కన అద్దె లెక్కలు వేస్తున్నాడు. సీజన్‌లో బాగా తిరిగితే తప్ప గిట్టుబాటు కాదట. లాంగ్‌డ్రైవ్ గారూ, మీ ప్లాట్‌ఫామ్ పాలసీలో ఆ నమ్మక ద్రోహం పేజీ ఏమంటోందో చూసి ఇక్కడ పెట్టగలరా?

లాంగ్‌డ్రైవ్
వెతుకుతున్నాను. అరవై పేజీలుంది.