జాంగో యాప్‌కి అపాచీ చాలదా, ఎన్‌జిన్‌ఎక్స్ పెట్టాల్సిందేనా?

రొయ్యలచెరువు:
భీమవరం పక్కన మాది చిన్న ఆఫీసండి. చుట్టుపక్కల రొయ్యల చెరువుల లెక్కలకి జాంగోలో (పైథాన్‌తో వెబ్ యాప్‌లు రాసే ఫ్రేమ్‌వర్క్) యాప్ చేశాం. మేత బస్తాలు, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలో), పట్టుబడి, గట్టు మీద సెల్‌తో తీసే ఫొటోలు అన్నీ అందులోనే. 2 జీబీ ర్యామ్ ఉన్న ఉబుంటు సర్వర్ మీద అపాచీ వెబ్ సర్వర్, అందులో పైథాన్ కోడ్ నడిపే మాడ్ డబ్ల్యూఎస్‌జీఐతో నడుస్తోంది. పట్టుబడులు ఎక్కువున్న రోజుల్లో పేజీ తిరుగుతూనే ఉంటుంది. ఎన్‌జిన్‌ఎక్స్ (ఇంకో వెబ్ సర్వర్), గూనికార్న్‌కి (దాని వెనక పైథాన్ యాప్‌ని నడిపేది) మార్చమని ఒకరు, ఉన్నదాన్ని కదపొద్దని ఒకరు. ఏం చేయమంటారు?

కాలవగట్టు:
మార్చేయండి. గట్టు మీద సిగ్నల్ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అక్కడి నుంచి ఒక ఫొటో ఎక్కేదాకా మీ పైథాన్ ప్రాసెస్ ఎందుకు కాపలా కాయాలి? ఎన్‌జిన్‌ఎక్స్ ముందుంటే ఫొటో మొత్తం తనే అందుకుని, పూర్తయ్యాక గూనికార్న్‌కి ఇస్తుంది. సీఎస్‌ఎస్, బొమ్మలు పైథాన్ దాకా రానే రావు. తన ముందు ఇలాంటి మధ్యవర్తి (ప్రాక్సీ) సర్వర్ పెట్టుకోమని గూనికార్న్ వాళ్ళ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది.

పూతరేకు:
ముందు జాంగో సెట్టింగ్స్‌లో డీబగ్ ట్రూ (తప్పులు వెతుక్కునే మోడ్) తీసేశారా లేదా?

పాతకాపు:
జబ్బేంటో చూడకుండా మందు రాసేస్తే ఎలాగండి. రొయ్యలచెరువు గారూ, మీ కాన్ఫిగ్‌లో డబ్ల్యూఎస్‌జీఐ డీమన్ ప్రాసెస్ అనే లైన్ ఉందా? లేకపోతే మీది ఎంబెడెడ్ మోడ్, అంటే యాప్ అపాచీ ప్రాసెస్‌ల్లోనే నడుస్తుంది. ప్రీఫోర్క్ (ఒక్కో ప్రాసెస్ ఒకసారికి ఒక్క రిక్వెస్టే చూసే పద్ధతి) కూడా అయితే అపాచీ పుట్టించే ఒక్కో ప్రాసెస్‌లో మీ యాప్ మొత్తం లోడ్ అవుతుంది, జనం పెరిగేకొద్దీ ర్యామ్ కరిగిపోతుంది. యాప్‌ని విడి ప్రాసెస్‌ల్లో నడిపే డీమన్ మోడ్ పెడితే ఎన్ని ప్రాసెస్‌లో మీరే చెప్పొచ్చు. స్టాటిక్ ఫైళ్ళని (సీఎస్‌ఎస్, బొమ్మలు) అపాచీయే ఇచ్చేలా ఏలియాస్ లైన్, ఆ ఫోల్డర్‌కి అనుమతి పెడితే చాలు. కోడ్ మార్చాక డబ్ల్యూఎస్‌జీఐ ఫైల్‌ని టచ్ చేస్తే (దాని టైమ్ మారిస్తే) కొత్తది ఎక్కేస్తుంది.

కాలవగట్టు:
మాడ్ డబ్ల్యూఎస్‌జీఐ ఏ పైథాన్‌తో కంపైల్ అయిందో దానికే కట్టుబడి ఉంటుంది. రేపు ఉబుంటు అప్‌గ్రేడ్ చేసి పైథాన్ మారితే, మీ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (యాప్ లైబ్రరీలుండే చోటు) పైథాన్ ఒకటి, మాడ్ డబ్ల్యూఎస్‌జీఐది ఇంకొకటి. అప్పుడు ఎవర్ని అడుగుతారు?

లంకగ్రామం:
ఎన్‌జిన్‌ఎక్స్‌కి వెళితే అప్‌లోడ్ పరిమితి మార్చుకోండి. డిఫాల్ట్ 1 ఎంబీయే. ఇప్పటి సెల్ ఫొటోలు చాలావరకు 413 (ఫైల్ మరీ పెద్దది) అని వెనక్కొస్తాయి.

పాతకాపు:
అదిగో. ఇంకోటి వినండి. తణుకు వైపు మా బంధువుల రైస్‌మిల్లుకి ఒకాయన ఇదే ఎన్‌జిన్‌ఎక్స్, గూనికార్న్ పెట్టి, డబ్బు తీసుకుని వెళ్ళిపోయాడు. ధాన్యం సీజన్లో సర్వర్ రీబూట్ అయింది. తెర మీద 502 ఎర్రర్. ఫోన్ చేస్తే ఎత్తడు. లారీలు గేటు బయట, లెక్కలన్నీ సర్వర్లో. చివరికి కాగితాల మీద రాసుకున్నారు.

కాలవగట్టు:
502 వచ్చిందంటే ఎన్‌జిన్‌ఎక్స్ బతికే ఉందని అర్థం. వెనక గూనికార్న్ లేవలేదు. దాన్ని సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసుల్ని లేపేది) సర్వీసుగా పెట్టి ఎనేబుల్ చేసుంటే రీబూట్ అయ్యాక దానంతటదే లేచేది. అది ఆ మనిషి పని, ఎన్‌జిన్‌ఎక్స్‌ది కాదు.

పాతకాపు:
ఎవరు బతికారో ఎవరు పోయారో లారీవాడికెందుకండి!

కాలవగట్టు:
అలా అయితే అపాచీ ఎప్పుడూ పడిపోదా? పని నేర్చుకోనివాళ్ళ కోసం పాత సామాను పట్టుకుని వేలాడదామంటారా?

పాతకాపు:
నేర్చుకోనివాళ్ళా? ఇక్కడ నేర్చుకున్న కుర్రాళ్ళంతా హైదరాబాద్, బెంగళూరు పోతున్నారు. భీమవరంలో ఉండిపోయేది ఆ ఆఫీసు అకౌంటెంటే. సర్వర్ ఆగితే ముందు అతన్నే అడుగుతారు. నా గొడవల్లా అదే. అపాచీ అయితే చూడాల్సింది ఒక సర్వీసు, ఒక ఎర్రర్ లాగ్. మీరు చెప్పిన దాంట్లో ఎన్‌జిన్‌ఎక్స్, గూనికార్న్, మధ్యలో ఆ రెండూ మాట్లాడుకునే సాకెట్, దాని పర్మిషన్లు. ఏది ఆగిందో అతనికెలా తెలుస్తుంది?

కాలవగట్టు:
ఈ మాట మొదట్లోనే అనుంటే సగం గొడవ ఉండేది కాదు కదండి. నేనూ అమలాపురంలోనే ఉన్నాను, ఎక్కడికీ పోలేదు. అకౌంటెంట్ చూసుకోగలిగిందే పెట్టాలంటే పట్టుబడి రోజున యాప్ ఈడుస్తూనే ఉంటుంది, దానికి ఒప్పుకోండి. చూసే మనిషికి నెలకింత ఇచ్చి పెట్టుకోరు, సర్వర్ మాత్రం ఆగకూడదు!

పూతరేకు:
డీబగ్ సంగతి ఎవరూ చెప్పలేదు.

రొయ్యలచెరువు:
డీబగ్ ఫాల్సేనండి, ఎలౌడ్ హోస్ట్స్ (యాప్ ఏ అడ్రస్‌లకి జవాబివ్వాలో) కూడా పెట్టాం. పాతకాపు గారు చెప్పిన డీమన్ లైన్ మాత్రం లేదు, ఇప్పుడే చూశాను. ముందు అది పెట్టి ఒక పట్టుబడి దాకా చూస్తాను.

కాలవగట్టు:
ర్యామ్ తగ్గుతుంది, సరే. ఫొటోలు ఎక్కించేటప్పుడు మళ్ళీ ఆగుతుంది, రాసిపెట్టుకోండి.

పాతకాపు:
ఆగితే మీరొస్తారా అర్ధరాత్రి?

కాలవగట్టు:
నెలకింత అని మాట్లాడుకుంటే వస్తాను. ఊరికే మాత్రం రాను.